ఇరవై రెండో రోజు

మా ఇంటి బాల్కనీ ఆ ధ్యాన కేంద్రం డాబా మీద నుంచి కనబడేది. ఆ సంగతి చేరకముందు తెలిసుంటే ఇంకో ఊరు చూసుకునేదాన్ని. మాట లేకుండా, ఫోను లేకుండా, పుస్తకం లేకుండా నలభై ఒక్క రోజులు గడపాలనుకునేవాళ్ళు కొండలెక్కుతారు, నదుల ఒడ్డుకి పోతారు. నేను గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు ముందు ఆటో ఎక్కి అయిదు నిమిషాల్లో దిగిపోయాను. నాలుగంతస్తుల భవనం, చుట్టూ ఎత్తయిన గోడ, గోడ అవతల సగం కట్టిన టవర్లు, క్రేన్లు. మధ్యాహ్నం బట్టలారేయడానికి డాబా ఎక్కితే రెండు టవర్ల సందులోంచి మా ఆరో అంతస్తు కనిపించేది. మా అత్తగారు బాల్కనీలో దుప్పటి ఆరేస్తే అది ఏ దుప్పటో కూడా చెప్పగలిగేదాన్ని.

అక్కడికి ఎందుకు వెళ్ళానంటే, మా అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. మళ్ళీ మాట్లాడించుకోవాలని వెళ్ళాను. నాకు ఆ నలభై ఒక్క రోజుల్లో మోక్షం మీద గానీ, ఆత్మ మీద గానీ ఏ మాత్రం ఆశ లేదు. ఇంటికి వెళ్ళాక అది నన్ను ‘అమ్మా’ అని పిలిస్తే చాలు.

దానికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. నేను ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ టీముకి లీడ్‌ని. ఆ రోజు దానికి స్కూలు సెలవు, నాకు ఇంటి నుంచే పని. పెద్ద రిలీజ్ ముందు క్లయింటుతో కాల్, కెమెరా ఆన్‌లో ఉంది, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. అది తలుపు తోసుకుని వచ్చి నిలబడి "అమ్మా" అంది. తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాను. పోలేదు. "అమ్మా, జర ఇటు చూడు" అంది. మైకు మ్యూట్‌లో ఉందనుకుని, "ఇప్పుడే రావాలా నువ్వు? ప్రాణం మీదికొచ్చిందా? పో బయటికి!" అని అరిచి, భుజం పట్టుకుని బయటికి నెట్టి గడియ పెట్టాను. మైకు మ్యూట్‌లో లేదు. కాల్‌లో ఉన్నవాళ్ళు పద్నాలుగుమంది, అందులో సగానికి పైగా తెలుగువాళ్ళు. పిల్ల నా పరువు తీసిందని ఆ పూటంతా నాకు దాని మీదే కోపం.

అది చెప్పడానికి వచ్చిన సంగతి వేరు. బట్టల మీద రక్తం కనబడితే భయపడి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేను నెట్టేశాక బాత్‌రూంలోకి వెళ్ళి గంటన్నర తలుపు తీయలేదు. కూరగాయలకి వెళ్ళిన మా అత్తగారు తిరిగొచ్చి, బతిమాలి తీయించారు. నా కూతురు పెద్దమనిషి అయిందని మధ్యాహ్నం అన్నం దగ్గర మా అత్తగారు నాకు చెప్పారు.

ఆ రోజు నుంచి అది అందరితో మాట్లాడేది, నాతో తప్ప. "నాన్నా, పులుసుల ఉప్పు ఎక్కువైందని చెప్పు" అనేది, పక్కనే గరిటె పట్టుకుని నేనుండగా. సారీ చెప్పలేదా అంటారేమో. నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి "చెప్తున్నాను కదా, ఇంకేం చెయ్యమంటావే!" అని అరిచాను కూడా. మా ఆయన గోపన్‌పల్లి పల్లెగా ఉన్నప్పుడు పుట్టిన మనిషి, దేనికీ తొందరపడడు. "సారీలు గీరీలు ఒద్దు. దాని పక్కకు పోయి కూసో. ఊకె కూసో. అదే మాట్లాడ్తది" అన్నాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతనైన పని కాదు. మాది గుంటూరు వైపు, మా ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్ళని చూస్తే జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూసేవారు. అందుకని ఊరికే కూర్చోవడం నేర్పే చోటు వెతుక్కున్నాను. దాని పక్కన కూర్చోవడం నేర్చుకోవడానికి దాన్ని నలభై ఒక్క రోజులు వదిలి వెళ్ళానన్నమాట. అప్పుడు మాత్రం ఎంత గొప్ప ఆలోచనో అనిపించింది.

ఆఫీసులో కిందా మీదా పడి నలభై అయిదు రోజుల సెలవు సంపాదించాను. బయల్దేరే రోజు అమ్మాయి స్కూలుకి వెళ్ళిపోయింది. దాని బల్ల మీద ఉత్తరం పెట్టాను. "మారి వస్తాను" అని రాశాను.

కేంద్రంలో చేరిన మొదటి సాయంత్రం ఫోన్లు, వాచీలు, పెన్నులు లాకర్లో పెట్టించుకున్నారు. చెప్పులు కూడా స్టోరులో పెట్టమన్నారు, లోపల వట్టి కాళ్ళే. పేర్లు కూడా ఉండవు. మెడలో తాడుకి ఒక కార్డు వేసి ఇచ్చారు, నాది పదిహేడు. వచ్చినవాళ్ళలో చాలామంది మా దారిన పోయేవాళ్ళే, కొండాపూర్ వైపు ఆఫీసుల జనం. కార్డు మెడలో పడగానే మా అందరికీ ప్రాణం కుదుటపడిందంటే నవ్వకండి. అలవాటయిన బరువు.

ఇక లెక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే మమ్మల్ని కట్టిపడేసింది ఆ లెక్కే. ధ్యానం హాలు గుమ్మం పక్కన తెల్ల బోర్డు ఒకటి ఉండేది. దాని మీద మా నంబర్లన్నీ నిలువు వరసలో, ఒక్కో నంబరు ఎదురుగా ఆ మనిషి మౌనం ఎన్నో రోజో ఉండేది. రోజూ తెల్లవారగానే ఆఫీసులో ఉండే ఒకాయన వచ్చి పాత అంకె తుడిచి కొత్త అంకె వేసేవాడు. ఎవరైనా నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడితే వాళ్ళ అంకె తుడిచి మళ్ళీ ఒకటి వేస్తారు. నలభై ఒకటీ మొదటి నుంచి చెయ్యాలి. ఎవరూ కాపలా ఉండరు. మాట్లాడినవాళ్ళే వెళ్ళి చెప్పుకోవాలి. గురువుగారు మొదటి రోజే నవ్వుతూ అన్నారు, "ఇక్కడ తలుపులకి తాళాలు లేవండి. తాళం మీ నోటికే" అని.

నిజమే, తాళాలు లేవు. కానీ బయటికి వెళ్ళాలంటే చీటీ రాయాలి. చీటీ రాయడానికి పెన్సిల్ ఆఫీసు కిటికీ దగ్గర దారం కట్టి ఉంటుంది. చీటీ పెట్టెలో వేస్తే సాయంత్రం తీస్తారు. వెళ్ళిపోతానని రాసినవాళ్ళు మూడు రోజులు ఆగాలి, మనసు మారుతుందని. మూడో రోజు గురువుగారితో అయిదు నిమిషాలు మాట్లాడాలి, ఆయనతో మాట్లాడినది లెక్కలోకి రాదు. ఆ తర్వాతే లాకరు తాళం. చెప్పడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది ఇదంతా. ఎక్కడా ఒక్కరు కూడా గట్టిగా వద్దనరు.

తెల్లవారుజామున నాలుగింటికి గంట. హాల్లో కూర్చోవడం, గంట. పదకొండింటికి భోజనం, గంట. మళ్ళీ కూర్చోవడం. సాయంత్రం పాలూ అరటిపండూ. శ్వాస లోపలికి వెళ్తుంది, బయటికి వస్తుంది, చూడండి అంటారు. మొదటి మూడు రోజులు నా శ్వాసకి కూడా ఆఫీసులోలా తప్పులు పట్టే టెస్ట్ కేసులు రాసుకున్నాను. నా ముందు కూర్చున్నాయన బొటనవేలు తొడ మీద పైకి కిందికి జరుగుతుండేది, లేని ఫోనుని తోస్తూ. గోడ అవతల బండ పేల్చేముందు సైరన్ మోగేది, తర్వాత నేల అదిరేది. ఎవరూ కళ్ళు తెరవకూడదు. ఎనిమిదో రోజున నాకు గుండెలో ఏదో పట్టేసినట్టయింది. గాలి ఆడటం లేదు, కిటికీ తెరుద్దామంటే అది తెరుచుకునే కిటికీ కాదు, పెద్ద అద్దం. అద్దంలోంచి రోడ్డు మీద ఆఫీసు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకుంటున్న ఆ మనుషుల్ని చూసి నేను కుళ్ళుకున్నాను. దేవుడా, నన్ను ఆ బస్సులో పడెయ్యి అనుకున్నాను.

పారిపోదామని పన్నెండో రోజు చీటీ దాకా వెళ్ళాను. పెన్సిల్ పట్టుకున్నాను కూడా. బోర్డు మీద నా నంబరు ఎదురుగా పన్నెండు ఉంది. పన్నెండు రోజులు పోగొట్టుకుని ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళాలి? "మారి వస్తాను" అన్నదానివి పన్నెండు రోజులకే వచ్చావా అని అమ్మాయి మనసులో అనుకోదా? పెన్సిల్ వదిలేసి వచ్చాను. ఆ తర్వాత రోజూ ఆ అంకె పెరుగుతుంటే నాకు ధ్యానం కుదిరినట్టే ఉండేది. అసలు కుదిరింది అంకె మీద ధ్యానమే.

నా గదిలో ఇంకో మంచం పద్దెనిమిదో నంబరుది. లింగంపల్లి వైపు గవర్నమెంటు బడిలో టీచరుగా చేసి రిటైరైన పెద్దావిడ. మౌనం మొదలవ్వకముందు, ఆ మొదటి సాయంత్రం, ఒక గంటసేపు మాట్లాడుకున్నాం. "నాకిది మూడోసారమ్మా. మొదటిసారి తొమ్మిదో దినం నోరు జారిన. రెండోసారి ముప్పైయో దినం, పల్లీల చట్నీల కారం ఎక్కువైతే అబ్బా అన్న. ఈసారి సచ్చినా నోరిప్ప" అని పకపకా నవ్వింది. నేను అమ్మాయి సంగతి కొంచెం చెప్పాను. ఆవిడ అంతా వింది. నా చెయ్యి పట్టుకుని వదిలేసింది. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూపులు కలపడం కూడా మాట్లాడడం కిందే లెక్క అనేవారు.

ఇరవయ్యో రోజు సాయంత్రం గురువుగారు ఒక కబురు చెప్పారు. ఎల్లుండి ఆదివారం మా ఇళ్ళవాళ్ళు వస్తారట. వచ్చి మా ఎదురుగా చాపల మీద అరగంట కూర్చుంటారు. వాళ్ళు మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. మేం కళ్ళు దించి మా శ్వాసని చూసుకోవాలి. "వాళ్ళు మిమ్మల్ని చూస్తారు. మీరు మిమ్మల్ని చూసుకోండి. ఇరవై రెండు రోజుల్లో ఏం సంపాదించారో ఆ అరగంటలో తెలిసిపోతుందండి" అన్నారు. అంటే పరీక్ష. పరీక్ష అనగానే నాలో చిన్నప్పటి నుంచి ఉన్న ఫస్టు ర్యాంకు పిల్ల నిద్ర లేచింది. ఆ రెండు రోజులూ నేను చేసినంత ధ్యానం ఆ హాల్లో ఇంకెవరూ చేసి ఉండరు.

అమ్మాయి వస్తుందనుకోలేదు. మా ఆయన ఒక్కడే వస్తాడనుకున్నాను.

ఆదివారం పదింటికి హాల్లో రెండు వరసలు. మేం గోడ వైపు, వాళ్ళు గుమ్మం వైపు. మధ్యలో మూరెడు చోటు. నేను కళ్ళు నా మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను. అడుగుల చప్పుడు, చీరల చప్పుడు, ఎవరో చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టడం. నా ఎదుటి చాప మీదికి రెండు జతల పాదాలు వచ్చాయి. మా ఆయన పాదాలు నాకు తెలుసు. రెండో జత పాదాల మీద సాక్సు గీతలు, చిటికెన వేలికి గోళ్ళరంగు సగం లేచిపోయి ఉంది. నా గుండె దడదడలాడింది. దడదడలాడుతోందని గమనించాను. చూశారా ఎంత బాగా నేర్చుకున్నానో.

ఎంతసేపు గడిచిందో తెలీదు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు చాలా మెల్లగా, పెదాలు కదిలీ కదలనట్టు, "అమ్మా" అని వినబడింది.

నాలుగు నెలలైంది ఆ పిలుపు విని. ఆ క్షణంలో నా బుర్రలో ఏం జరిగిందో దాచుకోకుండా చెప్తాను, ఎందుకంటే ఇంతవరకూ రాసిందంతా ఇది చెప్పడానికే. ఇరవై రెండు, అనుకున్నాను. తలెత్తితే చూపు కలుస్తుంది. కలిస్తే మాట వస్తుంది. మాట వస్తే ఒకటి. ఒకటి నుంచి నలభై ఒకటి అంటే సెలవు చాలదు, అంటే మొత్తం పోయినట్టే. పందొమ్మిది రోజులు ఓపిక పడితే జన్మంతా మాట్లాడుకోవచ్చు. ఇంత లెక్క ఒక్క ఊపిరి లోపలికి తీసుకునేలోపు చేశాను. ఊపిరి బయటికి వదిలాను. కళ్ళు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"అమ్మా" అని ఇంకోసారి అంది. ఇంకా మెల్లగా.

నేను కదల్లేదు. కాసేపటికి ఆ చిన్న పాదాలు లేచి నిలబడ్డాయి. గుమ్మం వైపు వెళ్ళిపోయాయి. మా ఆయన పాదాలు కాసేపు అలాగే ఉండి, అవి కూడా వెళ్ళిపోయాయి. గంట ఇంకా కొట్టలేదు.

సిగ్గుమాలిన సంగతి ఏమిటంటే, నేను గదికి సంతోషంగా వెళ్ళాను. పిలిచింది, నా కూతురు నన్ను పిలిచింది, ఈ తపస్సు ఫలించింది అనుకుంటూ మెట్లెక్కాను. మంచం మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే పద్దెనిమిదో నంబరు లోపలికొచ్చి తలుపు వేసింది. నా ఎదురుగా నిలబడింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఏందమ్మా నువ్వు?" అంది.

నేను బిత్తరపోయి రెండు చేతులూ ఊపాను, మాట్లాడొద్దు, మాట్లాడొద్దు అని.

"ఏందే ఆ చేతులు? ఆడిపిల్ల నోరు తెరిచి అమ్మా అని పిలిస్తె తలకాయ లేపవా? ఒక్కసారి గాదు, రెండుసార్లు పిలిచింది. పక్కన కూసున్న నాకే కడుపుల దేవినట్టయింది. నీకేమైంది? నీ దినాలను కాకులెత్తుకపోను!"

గొంతు బొంగురుపోయి ఉంది, ఇన్ని రోజులు వాడక. ఆవిడ తలుపు తీసుకుని కిందికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను, ఆపుదామని. మా గదిలో ఆవిడ మాట్లాడినట్టు నాకు తప్ప ఎవరికీ తెలీదు. చెప్పకపోతే ఏమీ కాదు. ఆవిడ హాలు గుమ్మం దగ్గర బోర్డు ముందు ఆగి, పద్దెనిమిది ఎదురుగా ఉన్న ఇరవై రెండుని అరచేత్తో తుడిచేసింది. పక్కనున్న మార్కరు తీసి ‘1’ వేసింది, బడిలో వేసినట్టు గుండ్రంగా, శుభ్రంగా. అరచేతికి అంటిన నలుపు కొంగుకి తుడుచుకుని భోజనానికి వెళ్ళిపోయింది.

నేను ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. పదిహేడు ఎదురుగా ఇరవై రెండు చెక్కుచెదరకుండా ఉంది. నా పిల్ల కోసం నేను పోగొట్టుకోలేనిదాన్ని, ముక్కూ మొహం తెలియని ఆవిడ నా పిల్ల కోసం ఒక్క నిమిషంలో తుడిచేసింది. నాకు సిగ్గేసింది. అప్పటికైనా పరిగెత్తుకుంటూ గేటు దాటి పోవాల్సింది. పోలేదు. భోజనం గంట కొట్టారు, వెళ్ళి వరసలో నిలబడ్డాను.

సాయంత్రం గురువుగారు ప్రసంగంలో ఆ రోజు పరీక్ష గురించి మాట్లాడారు. చాలామంది ఏడ్చారనీ, కొందరు తలెత్తారనీ, ఫరవాలేదనీ అన్నారు. "కానీ ఒకరిని ఈ రోజు కన్నబిడ్డే రెండుసార్లు పిలిచింది. రెప్ప కూడా కదపలేదు. మమకారాన్ని జయించడమంటే అదండి" అన్నారు. పేరు చెప్పలేదు, నంబరూ చెప్పలేదు. హాల్లో అందరికీ తెలుసు. నా వెనక వరసలో పద్దెనిమిదో నంబరు గట్టిగా ముక్కు చీదింది. చెప్పు, ఇది మమకారాన్ని జయించడం కాదు, సెలవుల లెక్క అని చెప్పు అని నాలో నేనే అరుచుకున్నాను. నోరు మాత్రం పెగల్లేదు. ఇన్నాళ్ళూ కోపమొస్తే ఆగని నోరు ఇదే.

మర్నాడు చీటీ రాశాను. "ఇంటికి వెళ్ళాలి" అని రెండే మాటలు. సాయంత్రానికి జవాబు చీటీ వచ్చింది, మూడు రోజులు ఆగమని. ఆ మూడు రోజులు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. డాబా ఎక్కితే బాల్కనీ కనబడేది. మంగళవారం బాల్కనీలో అమ్మాయి స్కూలు చున్నీ ఆరేసి ఉంది. బుధవారం అది లేదు. ఆదివారం అమ్మాయి ఏదో అడగాలని పిలిచిందేమో, ఏదో కావాల్సి వచ్చిందేమో అని అప్పుడు తట్టింది. అప్పటిదాకా నన్ను క్షమించడానికే పిలిచిందనుకున్నాను, అదీ నా గొడవే నాకు. వట్టి కాళ్ళతో డాబా ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను. గోడ దూకితే పదిహేను నిమిషాల నడక. చెప్పులు స్టోరులో ఉన్నాయి, స్టోరు తాళం ఆఫీసులో. ఒక జత చెప్పుల కోసం ఆగిపోయానంటే ఎవరూ నమ్మరు. ఆగింది చెప్పుల కోసం కాదు, అన్నీ పద్ధతి ప్రకారం చేసే దరిద్రపు అలవాటు వల్ల.

గురువారం మధ్యాహ్నం గురువుగారు పిలిచారు. ఒకప్పుడు ఇంజనీరుగా చేసినాయన, మెత్తటి మనిషి.

"ఇంత చక్కగా నిలబడ్డాక ఇప్పుడెందుకమ్మా వెళ్ళడం? ఇంక పదిహేను రోజులే కదండి" అన్నారు.

"నేను నిలబడలేదండి. లెక్క పెట్టుకున్నాను. నా ఇరవై రెండు రోజులు పోతాయని తలెత్తలేదు. అంతే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆయన చిరునవ్వు నవ్వారు. "మంచిది. అది కూడా గమనించండి" అన్నారు.

నాకు ఒక్కసారిగా పాత కోపం వచ్చేసింది, మనిషంతా ఊగిపోయే నా అసలు కోపం. ఇరవై ఆరు రోజులుగా అది ఎక్కడికీ పోలేదు, తిని కూర్చుని బలిసింది. "ఎంతసేపు గమనించమంటారండి? పిల్ల స్కూలు మూడున్నరకి వదుల్తారు" అన్నాను. అని లేచి, ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి, నా చెప్పులు ఇస్తారా గోడ దూకమంటారా అని అడిగాను. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో, సగం తప్పు ఆయన మీద వేసేదాన్ని.

చెప్పులు, ఫోను ఇచ్చారు. ఫోను చచ్చిపోయి ఉంది. గేటు బయట దుమ్ము, సిమెంటు లారీలు, హారన్లు. స్కూలు దాకా నడిచాను. గేటు దగ్గర ఎప్పటిలా వ్యాన్లు, ఆటోలు, మనవల కోసం గొడుగులేసుకుని నిలబడ్డ తాతలు. పిల్లలు గుంపులుగా బయటికొస్తున్నారు. అది ఇద్దరు స్నేహితురాళ్ళతో నవ్వుకుంటూ వచ్చి, నన్ను చూసి ఆగింది. స్నేహితురాళ్ళకి ఏదో చెప్పి పంపేసి, నా దగ్గరికి వచ్చింది.

"మెడల ఆ కార్డు తీసెయ్. అందరు చూస్తున్నరు" అంది.

ఆదివారం పిలుపులు పోను, నాలుగు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. తీసి సంచిలో పడేశాను.

"అయిపోయిందా నీ కోర్సు?"

"లేదమ్మా. ఇంకా పదిహేను రోజులుంది. వచ్చేశాను." మూడు రోజులుగా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "ఆదివారం నువ్వు పిలిచావు. నాకు వినబడింది. రెండుసార్లూ వినబడింది. కావాలనే తలెత్తలేదు. నా రోజులు పోతాయని."

అది బ్యాగు పట్టీ సర్దుకుంది. "నాకు తెల్సు. మాట్లాడితె మళ్ళ ఒకటి నుంచి లెక్క అని నాన్న చెప్పిండు. అందుకే మెల్లగ పిలిచిన, ఎవ్వరికి ఇనబడకుండ. నువ్వు మాట్లాడుతవని పిలవలే. జర తలకాయ ఊపితె చాలనుకున్న."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు. "ఏదో అడుగుదామనుకున్నావు కదా. ఏంటి తల్లీ అది? ఇప్పుడు చెప్పు."

"ఏం లేదు."

"చెప్పమ్మా, వింటాను."

"నానమ్మను అడిగిన. చెప్పింది. అయిపోయింది" అంది. వెనక స్కూలు బస్సు హారన్ కొట్టింది. "నేను బస్సుల పోత. నువ్వు ఆటోల రా" అని చెయ్యి మెల్లగా తీసుకుని వెళ్ళి బస్సెక్కింది. నేను ఆటో ఎక్కలేదు, బస్సు వెళ్ళిన దారిలోనే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు మేం మాట్లాడుకుంటాం. అమ్మా అని పిలుస్తుంది, కూర బాగోలేకపోతే నా మొహం మీదే చెప్తుంది, నేనూ అరుస్తాను, అదీ అరుస్తుంది. సాయంత్రాలు ల్యాప్‌టాప్ మూసేసి దాని పక్కన ఊరికే కూర్చుంటాను. అది చదువుకుంటుంది. కడుపునొప్పి వస్తే మాత్రం, తలనొప్పి వస్తే మాత్రం, ఎవరితోనైనా గొడవై ఏడుపొస్తే మాత్రం లేచి వాళ్ళ నానమ్మ గదిలోకి వెళ్తుంది. తలుపు మూసుకోదు. లోపల గుసగుసలు వినబడతాయి. నేను వెళ్ళను.

ఆ ఆదివారం ఏమడగాలని వచ్చిందో మా అత్తగారికి తెలుసు. అడిగితే చెప్పేస్తారు. కానీ అది నన్ను పిలిచి అడగాలనుకున్న మాట, దాని నోటి నుంచే వినాలని నేను ఎవరినీ అడగలేదు. మొన్న అన్నం తింటుండగా ధైర్యం చేసి దాన్నే అడిగాను. ఆ ఆదివారం నన్నేం అడగాలనుకున్నావే అని.

పెరుగు కలుపుకుంటూ తలెత్తి చూసింది. "ఏ ఆదివారం?" అంది. నిజంగానే గుర్తులేదు దానికి.